రేకు పెట్టెలో నాలుగు కార్డులు

హలో… ఆ, నేనే. ఒబ్దూలియానే. రంపపు మిల్లు వంటింటి నుంచి… హలో? హలో?

ఉండు, కదలకు… నువ్వు కాదమ్మా, కదలకూడనిది నేను. ఈ వసారాలో ఒక్క బండ మీదే ఫోను పలుకుతుంది. అటు అడుగేస్తే పోతుంది, ఇటు అడుగేస్తే పోతుంది. ఆ… ఇప్పుడు చెప్పు. ఎవరూ?

ఓ… ఇంజనీరమ్మ ఇలియానావా! కిందటేడు మా మిల్లు చూడ్డానికొచ్చి మూడు గిన్నెల చిక్కుడుగింజల పులుసు తాగిన పిల్లవి! తిన్నావా? … పదింటికి తిండేంటా? మాకిక్కడ రెండో తిండి కూడా అయిపోయింది తల్లీ. అడవిలో పని చేసేవాడి కడుపుకి గడియారం వేరు.

ముద్ర సంగతా? చెప్పు, చెప్పు. అడవినీ పనివాళ్ళనీ సరిగ్గా చూసుకుంటున్నామని మీరేసే ఆ ముద్ర లేకపోతే బడి బల్లలు చేసేవాళ్ళు మా చెక్క ముట్టుకోరంట కదా. మా అడవి కమిటీ పెద్ద దోన్ గౌదెన్సియో పొద్దున లేస్తే అదే పాట. పిలవమంటావా ఆయన్ని? … నాతోనేనా? నాతోనే మాట్లాడాలా?

అవును. పనివాళ్ళ ఫిర్యాదుల కమిటీకి నేనే పెద్దని. … ఊరి సభలో చేతులెత్తి ఎన్నుకున్నారు మరి! ఎందుకనుకున్నావ్? మీరిచ్చిన నీలం అట్ట పుస్తకం, పనివాళ్ళ హక్కులది, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు బొమ్మలు చూశారు.

… బడా? నేనెక్కడ బడికెళ్ళానమ్మా. నలభై దాటాక దుంగల మీద కొట్టే అక్షరాలు చూసి నేర్చుకున్నా. ముందు 'ల' వచ్చింది, తర్వాత 'మ'. అయిదేళ్ళకి ఆ అక్షరాలన్నీ కలిపి ఒక మాట చదివా. ఇంక ఆగలేదు. ఉప్పు పొట్లం కాగితం కూడా వదల్లేదు.

మీరు పంపిన పెద్ద కాగితమా? గోడకే ఉంది. పిండి గంజితో నేనే అంటించా. 'నీ హక్కుకి భంగం కలిగితే ఈ నంబరుకి ఫోను చెయ్యి.' ఎర్రగా, ఇంతింత అంకెలు. కాఫీ తాగుతూ ఎదురుగా అదే చూడాలి ఎవడైనా.

ఫిర్యాదుల పుస్తకమా? ఉంది. పాలలా తెల్లగా ఉంది. రెండేళ్ళుగా ఒక్క గీత పడలేదు! … ఎందుకమ్మా నిట్టూరుస్తావ్? … ఖాళీగా ఉంటే మంచిది కాదా? విడ్డూరం. ఇల్లు శుభ్రంగా ఉంటే దొంగలు పడ్డారేమో అన్నట్టుంది.

సరే, అడుగు. ఎన్ని ప్రశ్నలు? … ఇరవయ్యా! ఉండు, పొయ్యి మీద మూత తీయమని చెప్తా. ఫిదెన్సియో! ఒరే, పొంగిపోతోంది, మూత తియ్యి! … చేత్తో కాదురా, గుడ్డతో! … ఆ, అడుగు తల్లీ.

తలకి గట్టి టోపీలు అందరికీ ఉన్నాయి. పసుపుపచ్చవి. … పెట్టుకుంటారు. వెళ్ళేటప్పుడు తల మీద, వచ్చేటప్పుడు చేతిలో. … చేతిలో ఎందుకంటే, వానాకాలం కదా, దారి పొడుగునా పుట్టగొడుగులే. వాటిల్లో వేసుకొస్తారు. నిన్న ఫిదెన్సియో తన టోపీ నిండా తెచ్చాడు. ఎంత రుచి! … సరే, సరే. పుట్టగొడుగులకి బుట్ట, తలకి టోపీ. చెప్తాలే.

చెట్టు పడేసేటప్పుడు ఇద్దరు ఉంటారా అంటే… ఉంటారు. ఒంటరిగా ఎవడూ వెళ్ళడు. … గంటలా? పొద్దున ఏడు నుంచి మూడు దాకా. వానొస్తే అంతకు ముందే.

జీతం లేకుండా, ఇష్టం ఉన్నా లేకపోయినా చేయాల్సిన పనా? … ఆ, ఉందమ్మా! ఎందుకు లేదు? ప్రతి ఆదివారం!

… అవును, జీతం ఉండదు. … రానంటే? రానంటే ఊరుకుంటామా! జరిమానా. రెండోసారి రాకపోతే సభలో నిలబెట్టి అడుగుతాం. మూడోసారి…

అయ్యో, అలా అరుస్తావేం? … ఎవరు చేయిస్తున్నారా? మేమే! తెకియో అంటే నువ్వెప్పుడూ వినలేదా? … విన్నావుగా, మరి? ఊరి పని. దారి బాగుచేయడం, కాలవ తీయడం, నరికిన చోట మొక్కలు నాటడం. అడవి మాది, దారి మాది, పార మాది. దోన్ గౌదెన్సియో కూడా పార పట్టాల్సిందే. కిందటి నెల నడుం నొప్పని పడుకున్నాడు. ఆ సాయంత్రమే పెళ్ళిలో నాట్యం చేస్తూ దొరికాడు. జరిమానా వేశాం! నాకూ తప్పదు. మోకాళ్ళు పనికిరావు కాబట్టి అందరికీ కాఫీ కాస్తా.

… బయటివాళ్ళనా? లేదు లేదు. ఊరివాళ్ళకే తెకియో. బయట నుంచి పనికొచ్చిన నలుగురూ ఆదివారం నిద్రపోతారు. … అదీ తేడా. చెప్పేవాడే చేస్తాడు, చేసేవాడే సభలో చెయ్యెత్తుతాడు. అలా రాసుకో. … కొట్టేశావా ముందు రాసింది? అమ్మయ్య.

ఆ నలుగురి పేర్లా? ఫిదెన్సియో ఒకడు. ఎలీహియో, తిబుర్సియో — వాళ్ళిద్దరూ అన్నదమ్ములు. నాలుగోవాడు నాబోర్. … వాడు చాలా దూరం, సరిహద్దు పక్కనున్న చియాపాస్ కొండల్లోంచి వచ్చాడు. వాళ్ళ భాష వేరు. వచ్చిన కొత్తలో ఉప్పు కావాలన్నా వేలు చూపించేవాడు. రంపం పడితే మాత్రం చెట్టు ఎక్కడ పడమంటే అక్కడే పడుతుంది. పండగలొస్తే వాళ్ళ ఊరి బ్యాండులో పెద్ద బాకా వాయిస్తాడంట. ఎల్లుండి వాళ్ళ సాన్ పేద్రో పండగ.

… ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళిపోవచ్చా అంటే… ఎక్కడికి? … ఎక్కడికైనానా? భోంచేయకుండా నేను ఎవర్నీ పోనివ్వనమ్మా. … నవ్వట్లేదేం?

వాళ్ళ గుర్తింపు కాగితాలా? ఆ, ఆ ప్రశ్నకి బంగారంలాంటి జవాబుంది. నాలుగు ఓటరు కార్డులూ నా దగ్గరే ఉన్నాయి. … నా దగ్గరే. రేకు పెట్టెలో, ఉతికిన దుప్పటి మడతలో. తాళం వేశా. తాళంచెవి ఇదిగో, మరియమ్మ బిళ్ళతో పాటు నా మెడలోనే.

…

నా దగ్గరెందుకంటావా? … ఎందుకంటే వాళ్ళ గుడిసె కారుతుంది. వానకి తడిసిపోతాయి. పైన కొత్త రేకు వేయమని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

… పదకొండో పేజీయా? చదివా. నోటికొచ్చు: 'యజమాని గానీ, మేస్త్రి గానీ పనివాడి కాగితాలు తన దగ్గర ఉంచుకోకూడదు.' … మరి నేను యజమానిని కాదుగా! మేస్త్రినీ కాదు. వంటమనిషిని. వంటమనిషి అని ఎక్కడుంది అందులో?

… ఎవరైనా సరేనా? … 'ఎవరైనా' అని రాయాల్సింది మరి.

… వాళ్ళే ఇచ్చారా అంటే… ఫిదెన్సియో తనే ఇచ్చాడు. వాడు తలకాయ కూడా ఎక్కడో మర్చిపోయే రకం. మిగతావాళ్ళని… నేనే అడిగి తీసుకున్నా.

తిరిగి అడిగారా? … ఊఁ.

… అడిగాడు. నాబోర్.

… మూడుసార్లు.

మొదటిసారి నా చేతులు పిండిలో ఉన్నాయి. అది నిజం. రెండోసారి తాళంచెవి కనపడట్లేదన్నా. … ఊఁ, మెడలోనే ఉంది. నిన్న అడిగితే… నిన్న, శనివారం దాకా ఆగరా, అప్పుడిస్తా అన్నా. … వాళ్ళ పండగ ఆదివారం అని నాకు తెలుసు తల్లీ. శనివారం బయల్దేరితే అందుకోలేడనీ తెలుసు, తెలిసే అన్నా.

కార్డు లేకుండా ఎలా పోతాడు? దారిలో తనిఖీవాళ్ళు బస్సు ఆపుతారు. భాష సరిగ్గా రాదు, మొహం చూసి సరిహద్దు అవతలివాడంటారు, దించేస్తారు. వాడికి తెలుసు. నాకూ తెలుసు.

… ఎందుకు ఆపానంటావా?

కిందటేడు నలుగురు ఉండేవాళ్ళు ఇలాగే. నేను ఆదివారం పూజకెళ్ళొచ్చేసరికి లేరు. తొమ్మిది మందికి వండితే అయిదుగురు తిన్నారు. ఒక్కడూ చెప్పలేదు, పెద్దమ్మా పోతున్నా అని. అంతకు ముందేడూ అంతే. … చెడ్డవాళ్ళని కాదు. కుర్రాళ్ళు, చెప్పాలని తోచదు.

నా మొగుడూ అంతే. తీరంలో కాఫీ కోతలకెళ్ళాడు. ముప్పై రెండేళ్ళయింది. నేను వాగు దగ్గరున్నా, వచ్చి చూస్తే చొక్కా లేదు, మనిషి లేడు. … బతికున్నాడో లేదో ఎవరికి తెలుసు? ఏటేటా చనిపోయినవాళ్ళ పండక్కి బల్ల మీద అందరికీ తలా పళ్ళెం పెడతా. అతనికి పెట్టాలా, వద్దా? పెడితే బతికున్నవాణ్ణి చంపినట్టు. పెట్టకపోతే చచ్చినవాణ్ణి పస్తు పెట్టినట్టు. అందుకని సగం పెడతా.

… నవ్వు, పర్లేదు. నేనూ నవ్వుతా. సగం పళ్ళెం! ఉంటే ఇంకో సగం వచ్చి తింటాడు.

… ఆ, అదే. కార్డు నా దగ్గరుంటే చెప్పకుండా పోలేరు. ఎప్పుడు పోవాలన్నా ముందు నా గుమ్మం ముందుకి రావాలి. అంతే. చెడు ఉద్దేశం లేదమ్మా. వాళ్ళ మంచికే కూడా కదా, వానకి తడిసి…

…

… ఆగు.

ఆగమ్మా, ఒక్క నిమిషం మాట్లాడకు.

… వానకి తడిసిపోతాయి. నేను అన్నానుగా ఇందాక, అదే మాట? … ఆ మాట నాది కాదు తల్లీ.

ఈ అడవి మాది కాని రోజులుండేవి. ఒక కంపెనీ వాళ్ళు నరుక్కునేవాళ్ళు. మా నాన్న వాళ్ళ గుడారాల్లో రంపం లాగేవాడు. మేస్త్రి బల్ల సొరుగులో అందరి కాగితాలూ ఉండేవి. నాకు ఎనిమిదేళ్ళు. అమ్మకి జ్వరం ఎక్కువైతే నాన్నకి చెప్పడానికి నేనే నడిచి వెళ్ళా. నాన్న టోపీ తీసి నిలబడి అడిగాడు, అయ్యా, నా కాగితం. మేస్త్రి నవ్వుతూ అన్నాడు, 'ఎందుకయ్యా తొందర, నీ దగ్గరుంటే వానకి తడిసిపోతుంది. శనివారం ఇస్తాలే.'

… శనివారమే అన్నాడు. అవును.

… శనివారమే ఇచ్చాడు. నాన్న వచ్చేసరికి అమ్మ మీద మట్టి కప్పేశాం.

ఆ మేస్త్రి పేరు చెప్పి అరవై ఏళ్ళుగా ఉమ్మేస్తున్నా నేను. … చూశావా. మంచి మేస్త్రే, ఒట్టు. మాకు బెల్లం ముక్కలు కూడా ఇచ్చేవాడు.

… ఏడవట్లేదు. కోపం వస్తోంది. నా మీద నాకు.

ఇంతకీ నీకెలా తెలిసింది? … ప్రశ్నల్లో ఉందని అడిగావా, లేక… ఎవరో ఫోను చేశారు. అంతేనా? గోడ మీది నంబరుకి. … చెప్పకు! పేరు చెప్పకు. పదిహేనో పేజీ. ఫిర్యాదు చేసినవాడి పేరు బయటపెట్టకూడదు, వాణ్ణి వేధించకూడదు. … వేధించడమా? పళ్ళెంలో రెండింతలు పెడతా! … అలా కూడా తేడా చూపించకూడదా? మరీ కష్టమమ్మా మీ పుస్తకం.

రాసుకో. ఉన్నది ఉన్నట్టు రాసుకో. … ముద్ర పోతుందేమో అని నాకూ భయమే. ఊరంతా నా మీద పడతారు. దోన్ గౌదెన్సియో నన్ను రంపం కింద పెడతాడు. అయినా రాయి. దాచావంటే నేను నీ మీద ఫిర్యాదు రాస్తా, నా పుస్తకం ఖాళీగానే ఉంది.

… ఇప్పుడే ఇచ్చేస్తే? ఇప్పుడే ఇస్తా! నువ్వు వింటూండగానే. ఫిదెన్సియో! ఒరే, అందర్నీ పిలువు, కాఫీ వేళకి ఇక్కడే ఉంటారుగా. ఆ పెట్టె ఇలా లాగు. నేను ఈ బండ దిగకూడదు. … ఇంకా ఇటు. … కాలి మీద కాదురా!

ఈ తాడు ముడి రావట్లేదు… జిడ్డు పట్టింది… ఆ. వచ్చింది. దుప్పటి. ఇవిగో, నాలుగు.

ఎలీహియో, ఇదిగో నాయనా, నీది. తిబుర్సియో, నీది. … ఏంటి? అది వాడి ఫొటోనా? ఇద్దరూ ఒక్కలా ఏడిస్తే నాకేం తెలుసు, మీరే మార్చుకోండి. ఫిదెన్సియో, నీది. … ఇంజనీరమ్మా, చూడు వీణ్ణి, వద్దంటున్నాడు. 'నా దగ్గరుంటే పోతుంది, నువ్వే ఉంచు పెద్దమ్మా' అంటున్నాడు. … అయినా ఇవ్వాలా? … విన్నావురా? పోగొట్టుకోవడం నీ హక్కు! తీసుకో!

… తలా ఒక డబ్బా, ఎవడి తాళం వాడికా? ఆ, అది బాగుంది. పాలపొడి డబ్బాలు చాలా ఉన్నాయి. ఆ చివరి అర తడవదు. డబ్బాలు నా గోడకి, తాళాలు వాళ్ళ జేబుకి. ఈ సాయంత్రమే చేయిస్తా.

నాబోర్ ఏడిరా? … ఏంటి?

… సంచీ తీసుకునా?

ఇంజనీరమ్మా, నాబోర్ వెళ్ళిపోయాడంట. కార్డు లేకుండానే. రెండో తిండి కాగానే మేస్త్రికి చెప్పి, పని అప్పజెప్పి, కింద గుడి దగ్గర వ్యాను ఎక్కడానికి… దొరికితే దొరుకుతా, పండగ మాత్రం తప్పించనన్నాడంట. దించేస్తారమ్మా వాణ్ణి దారిలో! ఏ గదిలో పెడతారో, ఎన్నాళ్ళు ఉంచుతారో!

… వ్యాను నిండితే గానీ కదలదు. కానీ ఇవాళ సంత. నిండుతుంది.

నేను పరిగెత్తలేను. ఫిదెన్సియో పరిగెత్తినా పావుగంట. ఫోనా? వాడికి ఫోను లేదు. … మరి నీకెలా ఫోను… సరే, సరే, అడగను!

సైరన్! ఒరే ఎలీహియో, సైరన్ నొక్కు! … అవును, అదే, ఎర్రది! … నేను చెప్తున్నాగా, పోయి నొక్కు!

… ఇంజనీరమ్మా, సైరన్ అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే మోగించేది. అది మోగితే ఎక్కడున్నవాడు అక్కడ పని వదిలేసి మిల్లు ముంగిట్లోకి రావాలి, తలలు లెక్కపెట్టాలి, ఎవడు తగ్గాడో చూడాలి. ఊళ్ళో కుక్క కూడా వస్తుంది. … తప్పే. ఇది కూడా రాసుకో. కిందో ఖాళీ ఉంటుందిగా, అక్కడ…

… వినిపిస్తోందా? నీకు పట్నం దాకా వినపడుతుందిలే.

యంత్రాలు ఆగిపోయాయి. వస్తున్నారు. అమ్మో, అందరూ వస్తున్నారు. దోన్ గౌదెన్సియో ఒక కాలికి చెప్పుతో పరిగెత్తుతున్నాడు. ఊరి డాక్టరమ్మ మందుల సంచీతో… దేవుడా, నన్ను క్షమించు.

… వ్యాను! తల్లీ, వ్యానే వెనక్కి తిరిగింది! డ్రైవరుదీ మా ఊరేగా. లోపల జనం, ఒకామె ఒళ్ళో సీమకోళ్ళు… వెనక తలుపు తీసుకుని ముందే దూకేశాడు చూడు! నాబోరే! కదులుతున్న బండిలోంచి! ఎవరికి దెబ్బ, ఎవరికి దెబ్బ అని అరుస్తున్నాడు. … చూశావా? పారిపోయేవాడు వెనక్కి వస్తాడా? … నేను? నేను బండ మీదే ఉన్నా. ఫోను పెట్టేయకు, నువ్వు సాక్షివి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు! వినండి అందరూ! ఎవరికీ ఏం కాలేదు! … అరవకు దోన్ గౌదెన్సియో, నీ వంతు తర్వాత. ఇటు చెయ్యి చూపిస్తావేం, ముద్రవాళ్ళే లైన్లో ఉన్నారు. … ఆ, అలా నోరు ముయ్యి.

నాబోర్, ఇలా రా. ఇటు రా నాన్నా. ఇదిగో నీ కార్డు. మూడుసార్లు అడిగావు, మూడుసార్లు అబద్ధం చెప్పా. తాళంచెవి నా మెడలోనే ఉంది. నువ్వెక్కడికీ పోకుండా ఆపడానికే చేశా. ఫిర్యాదుల కమిటీ పెద్దని నేను, మొదటి ఫిర్యాదు నా మీదే. ఈ పూటే పుస్తకంలో రాస్తా. అందరూ విన్నారుగా?

… ఏం చేస్తున్నాడా? కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. చొక్కాకి తుడిచాడు. … జేబులో పెట్టుకున్నాడు. పైన చెయ్యి పెట్టి ఉంచాడు.

ఏంట్రా? … ఏంటి? ఫోను చేసింది నువ్వా? చెప్పకురా! ఛీ, చెప్పకూడదు! రహస్యంగా ఉండటం నీ హక్కు, పదిహేనో పేజీ! అందరి ముందూ… డాక్టరమ్మ ఫోనుతో చేశాడంట తల్లీ.

… నంబరు ఎలా తెలిసింది నీకు? ఎవరు చదివి పెట్టారు? … నువ్వేనా? నువ్వే చదివావా? పైన రాసిన మాటలు కూడానా? … 'హక్కుకి' అనే దగ్గర ఆగిపోయావా. అక్కడ నోరు తిరగదు, నేనూ ఆగిపోయేదాన్ని. … ఇంజనీరమ్మా! వీడికి అక్షరాలు నేర్పింది నేనే! ఆ గోడ మీది కాగితంతోనే, కాఫీ వేళల్లో, గరిటె చూపించి! చూశావా, చదివాడు! చదివి, నా మీదే ఫిర్యాదు చేశాడు!

… గర్వమే. మరేంటి? కుట్టినట్టూ ఉంది, గర్వంగానూ ఉంది. తేలు కుడితే తేనె కారినట్టుంది.

దోన్ గౌదెన్సియో అడుగుతున్నాడు, ముద్ర సంగతేంటని. … తప్పు రాస్తావు. ఊఁ. సరిదిద్దారని రాస్తావు. ఊఁ. ముప్పై రోజుల్లో నువ్వే వచ్చి డబ్బాలు, తాళాలు చూస్తావు. ఆ నలుగుర్నీ నేను లేని చోట అడుగుతావు. అలాగే అడగాలి. … ముద్ర ఉంటుంది! ఉంటుందయ్యా, గుండె పట్టుకోకు! గుడిసె మీద రేకు వేయిస్తేనే ఉంటుందంది! … ఆ మాట నువ్వనలేదు తెలుసులే. నేనే కలిపా. ఆయనకి వినపడదు.

వ్యాను బూరా కొడుతోంది. వెళ్ళరా నాన్నా, వెళ్ళు. ఆమె కోళ్ళు కూడా తొందరపడుతున్నాయి. రొట్టెలు… ఫిదెన్సియో, ఆ గుడ్డలో కట్టినవి ఇవ్వు వాడికి. … రాత్రి బస్సులో తినాలి, ఇప్పుడే కాదు.

ఎక్కాడు.

… లేదు, అడగలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు, విన్నావుగా? నోటి చివరిదాకా వచ్చింది, మింగేశా. … అడిగితే తప్పు కాదా? అడగొచ్చా? ముందే చెప్పొద్దూ! … పోనీలే. వాడూ చెప్పలేదు. వాడిష్టం. వస్తే పులుసు ఉంటుంది, రాకపోతే ఫిదెన్సియో తింటాడు.

కానీ వచ్చి చెప్పాడు తల్లీ. 'పెద్దమ్మా, పోతున్నా' అన్నాడు. ఇప్పుడే, చెవిలో. నా చెయ్యి తన తలకి ఆనించుకుని, వాళ్ళ పద్ధతిలో.

… ఆ, కనిపిస్తోంది. ఈ బండ మీంచి దారి బాగా కనిపిస్తుంది. కొండ చుట్టూ మూడు మలుపులు. మొదటిది దాటింది. … ఇన్నేళ్ళలో పోయేవాళ్ళని నేను కళ్ళారా చూడటం ఇదే. ఎప్పుడూ వచ్చేసరికి ఖాళీ మంచమే.

… మళ్ళీ వచ్చింది చూడు, పైన్ చెట్ల పైన, రెండో మలుపు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాడు. చెయ్యి లోపల పెట్టరా, కొమ్మ తగుల్తుంది!

… మిగిలిన ప్రశ్నలా? ఎన్ని? … ఏడా? మళ్ళీ చెయ్యమ్మా, ఓ గంటాగి. ఒక్క మలుపే ఉంది. … ఊపుతున్నా, ఊపుతున్నా, కానీ ఒక చెయ్యి నీ ఫోనుకే పోతోంది. రెండు చేతులూ ఎత్తితే గానీ అంత దూరానికి కనపడను…

అదిగో!

పెట్టేస్తున్నా తల్లీ —